గోడలో దాగిన గొట్టములు

పూర్వము బట్టలు నీరున్న చోటికి పోయెడివి. ఏటి రేవున గాని, చెరువు గట్టున గాని బండమీద ఉతికి, జాడించి, ఆరవేసి తెచ్చుకొనెడివారు. ఆ రేవు వద్ద ఏరు రెండు పనులు చేసెడిది. ఎగువనుండి మంచినీరు తెచ్చి యిచ్చెడిది. మురికినీటిని దిగువకు కొనిపోయెడిది. నేడు పట్టణములలోనే గాక పల్లెలలోను పెక్కు ఇండ్లకు వాషింగు మెషీను వచ్చినది. బట్టలు ఇల్లు కదలవు. నీరే వానియొద్దకు రావలెను, పని తీరిన పిమ్మట తిరిగి పోవలెను. ఏరు చేసిన ఆ రెండు పనులను ఇప్పుడు గోడలో దాగిన రెండు గొట్టములు చేయవలసి యున్నవి.

యంత్రమును ఎన్నుకొనుటలో మనము చూపు శ్రద్ధ ఆ గొట్టములయెడ చూపము. యంత్రము చెడినచో బాగుచేయించవచ్చును, కాకున్న మార్చవచ్చును. గోడలోపలి గొట్టము తప్పినచో పలకలు పగులగొట్టక తప్పదు. అంతస్తుల మేడలలో ఆ నష్టము మన గడపతో ఆగదు. మన గోడలో చెమర్చిన నీరు క్రింది యింటివారి కప్పును నానబెట్టును. శ్లాబులోని ఇనుము తుప్పుపట్టి ఉబ్బగా కాంక్రీటు పెచ్చులూడును. బట్టలుతుకు యంత్రము మూలమున ఇరుగుపొరుగుల మధ్య మాటలు తెగిన ఉదంతములు ఎన్ని లేవు! కావున ఈ ప్రసంగమున యంత్రమును గూర్చి గాక, దాని వెనుకనున్న గోడను గూర్చి మేము ముచ్చటింపదలచితిమి. పూత పూసి పలకలు అతికించుటకు ముందు గొట్టములు అమర్చు పనిలో సాధారణముగ జరుగు తప్పులేవి, అవి ఏల తప్పులగును, వానిని తప్పించుకొను మార్గమేది అనునవి ఇందలి విషయములు.

ముందు యంత్రము, తరువాత గొట్టము

మొదటి తప్పు గొట్టములలో కాదు, పనుల వరుసలో జరుగును. ఇల్లు కట్టించువారు "ఇచ్చట యంత్రము పెట్టుకొందుము" అని మాత్రము ప్లంబరునకు చెప్పి ఊరకుందురు. ఎట్టి యంత్రమో చెప్పరు. నీరు విడుచు విధమునుబట్టి ఈ యంత్రములు రెండు జాతులు. సగము పని మనమే చేసికొనవలసిన సెమీ ఆటోమాటిక్ యంత్రములలో పెక్కును, పైనుండి బట్టలు వేయు ఆటోమాటిక్ యంత్రములలో కొన్నియు మురికినీటిని అడుగునుండి జారవిడుచును. వానిలో పంపు ఉండదు. నీరు పల్లమెరుగునన్న సామెతయే వానికి ఆధారము; కావున వానికి తూము నేలమట్టముననే కావలెను. ముందువైపు తలుపు గల యంత్రములలోనైతే నీటిని పైకి నెట్టు పంపు కలదు. వాని గొట్టపు కొన నేలకు 60 మొదలు 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండవలెనని పెక్కు యంత్రముల సూచన పుస్తకములు చెప్పుచున్నవి.

మొదటి జాతి యంత్రమునకు ఎత్తైన తూము ఏర్పరచిన నీరు పోనే పోదు. రెండవ జాతి యంత్రమునకు నేలమట్టపు తూము చూపిన, నీరు పోవలసిన వేళకు ముందే పోవును. ఈ రెండవ చిక్కు ఎట్లు కలుగునో కొంత ముందునకు పోయిన పిమ్మట వివరింతుము. ప్రస్తుతము గ్రహింపవలసినది ఇంతియే: యంత్రము కొనకున్నను, ఏ జాతి యంత్రము కొనదలచితిమో నిశ్చయించుకొనిన తరువాతనే గోడకు గాడి తీయించవలెను. నిశ్చయము కుదరనిచో నిలువు గొట్టము ఒకటియు, దానిచెంతనే నేలతూము ఒకటియు ఏర్పరచుట మేలు. గోడ తెరచియుండగా ఆ అదనపు గొట్టమునకగు వెచ్చము స్వల్పము.

నీరు వచ్చు దారి

మిద్దెమీది ట్యాంకునుండి దిగు నీటికి ఒత్తిడి ఎచ్చటినుండి వచ్చును? ఎత్తునుండి వచ్చును, మరి దేనినుండియు రాదు. ట్యాంకులోని నీటిమట్టమునకును కుళాయికిని నడుమ 10 మీటర్ల ఎత్తున్నచో కుళాయి వద్ద ఇంచుమించు 1 బారు ఒత్తిడి యుండును. 1 మీటరునకు అందులో పదవవంతు. ఆటోమాటిక్ యంత్రములలో కొన్నింటికి కనీసము 0.3 బారు, కొన్నింటికి 0.5 బారు ఒత్తిడి కావలెను. అనగా 3 మొదలు 5 మీటర్ల ఎత్తు.

పై అంతస్తువారి చిక్కు ఇచ్చటనే యున్నది. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, కుళాయి నేలనుండి 1.2 మీటర్లు, ట్యాంకు అడుగు మిద్దెపైన 1.5 మీటర్ల దిమ్మెమీద ఉన్నదనుకొందము. ట్యాంకు అడుగునకును కుళాయికిని నడుమ 3.3 మీటర్లే. ఒత్తిడి 0.33 బారు. 0.5 బారు కోరు యంత్రమును అచ్చట పెట్టినచో అది నీటికై ఎదురుచూచి, ఎదురుచూచి, నీరు రాలేదని దీపము వెలిగించి ఆగిపోవును. ఒక్క అంతస్తు దిగినచో అదే యంత్రమునకు 0.63 బారు లభించును; అది సుఖముగా పనిచేయును. ఇట్టిచోట కొందరు మేస్త్రీలు "లావు గొట్టము వేసెదను, ఒత్తిడి పెరుగును" అని చెప్పుదురు. ఇది సరికాదు. లావు గొట్టములో పారు నీటికి ఒరపిడి తక్కువ, కావున దారిలో నష్టము తగ్గును. అంతమాత్రమున ట్యాంకు ఎత్తు పెరుగదు. ఉన్న ఒత్తిడిని లావు గొట్టము కాపాడగలదే గాని, లేని ఒత్తిడిని పుట్టింపజాలదు. పై అంతస్తువారు ట్యాంకును ఎత్తించుటయో, తక్కువ ఒత్తిడికి పనిచేయు యంత్రమును కొనుటయో, చిన్న పంపు నమర్చుటయో ఏదో యొకటి ముందుగనే ఆలోచించుకొనవలెను.

అధిక ఒత్తిడియు మేలు కాదు. యంత్రములోని కవాటము విద్యుత్తుతో నడచును. అది చేతితో త్రిప్పు కుళాయివలె మెల్లగా మూసికొనదు, టక్కున మూసికొనును. వేగముగ వచ్చుచున్న నీరు ఒక్కసారి ఆగవలసి వచ్చినపుడు గొట్టమును సుత్తివలె కొట్టును. పంపు ద్వారా నీరందు మేడలలో గోడలోపల వినవచ్చు దబ్బుమను చప్పుడు అదియే. గాడిలో గొట్టమును వదులుగా విడిచి పూత పూసినచో ఆ దెబ్బలకు అతుకులు సడలును. కావున గొట్టమును అక్కడక్కడ బిగింపులతో కదలకుండ నిలుపవలెను. ఎత్తైన మేడల దిగువ అంతస్తులలో ఒత్తిడిని తగ్గించు కవాటమును కూడ అమర్చవలెను.

ఇక కుళాయి. యంత్రమునకు ప్రత్యేకముగ ఒక కుళాయి యుండవలెను. దాని మూతికి ముప్పాతిక అంగుళము మర ఉండవలెను. యంత్రముతో వచ్చు గొట్టమునకు సరిపడు కొలత అది. అరంగుళము మూతిగల మామూలు కుళాయికి రబ్బరు తొడుగు తొడిగి, పట్టీ బిగించి సరిపుచ్చుకొనుట ఎప్పుడో ఒకనాడు ఇల్లు తడుపును. కుళాయిని యంత్రమునకు సరిగా వెనుక అమర్చుట వేరొక తప్పు. అట్లయినచో యంత్రము గోడకు ఆనదు. ఆపదవేళ కుళాయి కట్టుటకు చేయి పోదు. ముందు తలుపు యంత్రము ఎత్తు ఇంచుమించు 85 సెంటీమీటర్లు. కుళాయి 1.1 మొదలు 1.2 మీటర్ల ఎత్తున, యంత్రమునకు ఒక ప్రక్కగా ఉన్నచో కంటికి కనబడును, చేతికి అందును. పని ముగియగానే కుళాయి కట్టు అలవాటు మంచిది. లేనిచో ఆ పలుచని గొట్టము రేయింబవళ్లు ఒత్తిడి భరించుచునే యుండును. విద్యుత్తు సాకెట్టు కుళాయికి క్రిందుగా ఉండరాదు. నీరు చిందినను అందనట్లు ప్రక్కకు తొలగి, ఎత్తున ఉండవలెను.

పలకల మందమును మరచుట అన్నిటికంటె సామాన్యమైన పొరపాటు. ప్లంబరు ఇటుక గోడను చూచి ఎల్బోను బిగించును. దానిపైన పూత వచ్చును, పూతపైన అతుకు సిమెంటు, దానిపైన పలక. అన్నియు కలిసి రెండు మూడు సెంటీమీటర్లు కావచ్చును. ఆ లెక్క వేయనిచో ఎల్బో మూతి పలకలకు లోతున పడిపోవును. అప్పుడు కుళాయి అందుటకు నడుమ ఒక అదనపు ముక్క బిగింతురు. ఆ అతుకు గోడలోపల, చూపునకు అందని చోట కారుచుండును. గోడమీద చెమ్మ కనబడుసరికి నెలలు గడచును. ఎల్బో బిగించునపుడే పూతయు పలకయు వచ్చు మట్టమునకు చెక్క ముక్కనొకదానిని ఆన్చి చూచుకొనినచో ఈ బెడద యుండదు.

నీరు పోవు దారి

వసుదేవ పాత్రమను ఒక వినోదపు గిన్నె కలదు. అందులో వసుదేవుడు శిశువైన కృష్ణుని ఎత్తుకొని నిలిచియుండును. గిన్నెలో నీరు పోయుచున్నకొలది యమున పొంగినట్లు మట్టము పెరుగును. కృష్ణుని పాదమును తాకినంతనే నీరు అడుగునుండి తనంత తానే జారిపోయి గిన్నె ఖాళీయగును. బొమ్మలోపల దాగిన వంపు గొట్టమే దాని రహస్యము. నీరు ఒకసారి వంపు దాటి గొట్టమును నింపినచో, ఆ గొట్టము అవతలి కొన ఇవతలి నీటిమట్టము కంటె క్రిందుగా ఉన్నంతవరకు ప్రవాహము ఆగదు. దీనినే సైఫను అందురు.

మనము వెనుక చెప్పెదమన్న చిక్కు ఇదియే. పంపు గల యంత్రపు గొట్టమును నేలమీది జాలీలోనికి దోపినచో, ఆ కొన యంత్రములోని నీటిమట్టము కంటె క్రిందగును. పంపు ఒకసారి నీరు నెట్టి గొట్టము నింపెనా, ఆపైన పంపుతో పనిలేదు. యంత్రము ఒకవైపు నీరు పట్టుచుండ, ఇంకొకవైపు అది జారిపోవుచుండును. నిండెనన్న గుర్తు దానికి అందదు. సబ్బు పోవును, నీరు పోవును, బట్టలు మురికిగానే యుండును. ఇంటివారు యంత్రము చెడినదని మెకానికును పిలుతురు. చెడినది యంత్రము కాదు, తూము ఎత్తు.

దీనికి విరుగుడు నిలువు గొట్టము. యంత్రపు గొట్టపు కొన నేలకు 60 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తున, ఇంచుమించు 50 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు గల నిలువు గొట్టములోనికి వ్రేలాడవలెను. అది 10, 15 సెంటీమీటర్లు మాత్రమే లోపలికి దిగవలెను. రెండు గొట్టముల నడుమ ఖాళీ విడువవలెను. ఈ ఖాళీ అసహ్యముగ నున్నదని కొందరు టేపు చుట్టి, సీలు పూసి మూసివేయుదురు. అది మేలు చేయబోయి కీడు తెచ్చుటయే. ఆ సందుగుండ గాలి చొరబడుటచేతనే సైఫను తెగును. సందు మూసినచో నిలువు గొట్టమున్నను లేనట్లే.

గొట్టము సన్నమగుటయు తప్పే. చేతులు కడుగుకొను బేసిను నీటిని మెల్లగా విడుచును; యంత్రపు పంపు నిముషమునకు ఒక బిందెడు నీటిని ఒక్క ఊపున నెట్టును. దానితో నురుగును, బట్టల పీచును వచ్చును. సన్నని గొట్టము ఆ ధాటికి ఆగలేక పైకి పొంగును.

పడుకొనియున్న గొట్టమునకు వాటము మీటరునకు 2 సెంటీమీటర్లు ఉండవలెను. వాటము చాలనిచో పీచు, సబ్బు మడ్డి అడుగున పేరుకొనును. కంటిచూపుతో వాటము కుదరదు. రసమట్టము పెట్టి చూపుమని అడుగుట యజమాని హక్కు. మలుపు తిరుగవలసిన చోట నిట్టనిలువు మూల మలుపు ఒకటి వేయుటకు మారుగా, 45 డిగ్రీల మలుపులు రెండు వేసినచో పీచు తట్టుకొనదు. శుభ్రము చేయుటకు మూత గల ముక్క ఒకటి చేతికందు చోట నుంచవలెను.

గాలికిని దారి కావలెను

మురుగు గొట్టములో నీరు మాత్రమే కాదు, గాలియు సంచరించును. ఆ దుర్వాయువు ఇంటిలోనికి రాకుండ అడ్డుకొనునది ట్రాపు. గొట్టపు వంపులో నిలిచిన 50 మిల్లీమీటర్ల లోతు నీరే అచ్చట తలుపు. 1775లో లండనులో అలెగ్జాండరు కమింగు అను గడియారముల పనివాడు మరుగుదొడ్డి క్రింద ఆంగ్లాక్షరము ఎస్ ఆకారపు వంపును చేర్చి పేటెంటు పొందెను. నేటి ట్రాపులన్నియు ఆ వంపు సంతతివే. అయితే ఎస్ ఆకారములో ఒక లోపము కలదు. వంపు దాటిన పిమ్మట గొట్టము నేరుగా క్రిందికి దిగుటచే, నీరు ధాటిగా పోయినపుడు వంపులోని నీటిని కూడ సైఫను లాగివేయును. వసుదేవ పాత్రములో జరిగినదే ఇచ్చటను జరుగును. అందుచేతనే నిలువు గొట్టము క్రింద పి ఆకారపు ట్రాపు వేసి, దాని తరువాతి గొట్టమునకు గాలి అందు దారి చూపవలెను.

ఒకే దారిలో రెండు ట్రాపులు వేయుట మరియొక తప్పు. నిలువు గొట్టము క్రింద ఒకటి వేసి, దానిని కొనిపోయి నహానీ ట్రాపులో కలిపినచో, రెండు నీటి తలుపుల నడుమ గాలి చిక్కుకొని నీటిని అడ్డగించును. గుడగుడ చప్పుడు చేయుచు నీరు వెనుకకు తన్నును. నిలువు గొట్టమునకు సొంత ట్రాపు ఉన్నచో అది వేరుగా పెద్ద గొట్టములో కలియవలెను. నహానీ ట్రాపులోనే కలుపదలచినచో నిలువు గొట్టమునకు వేరే ట్రాపు కూడదు.

ట్రాపులోని నీరు ఎండినచో ఏమగునో లోకమునకు ఒక విషాద సంఘటన తెలిపినది. 2003లో హాంకాంగులోని అమోయ్ గార్డెన్సు అను గృహసముదాయములో 300 మందికి పైగా సార్సు వ్యాధి సోకెను. స్నానపు గదుల నేలతూములలో వాడుక లేక నీరు ఎండిపోవుటచే, మురుగు గొట్టములోని తుంపరలు ఇండ్లలోనికి చేరియుండునని, గాలిని లాగు ఫ్యానులు వానిని మరింత పీల్చియుండునని విచారణ జరిపినవారు భావించిరి. మన యిండ్లలోను యంత్రపు నీరు నేరుగా గొట్టములోనికి పోవునపుడు, ప్రక్కనున్న నేలతూమునకు వాడుక తప్పును. వారమున కొకమారు అందులో ఒక చెంబెడు నీరు పోయుట చిన్న పనియే గాని విలువైన పని.

ఆ నీరు ఎచ్చటికి పోవును?

వంటయింటి వెనుక వసారాలో యంత్రము నుంచినపుడు, చేరువనున్న వాననీటి గొట్టములో దాని తూమును కలిపివేయుట సులువు. అది మన యింటికి సులువే గాని ఊరికి చేటు. వాననీటి గొట్టము మురుగునీటి శుద్ధి కేంద్రమునకు పోదు. వీధి కాలువకు, అచ్చటినుండి చెరువునకు పోవును. 2015లో బెంగుళూరు బెల్లందూరు చెరువునుండి తెల్లని నురుగు ఎగసి రహదారులమీద పడినది. శుద్ధికాని మురుగునీరును, అందులోని సబ్బు పదార్థములును దానికి ముఖ్య కారణములు.

నురుగు ఇంటిలోపలను ఇక్కట్లు పెట్టును. పై అంతస్తులనుండి దిగిన సబ్బునీరు నిలువు గొట్టపు అడుగున మలుపు వద్ద కొట్టుకొని నురగలు గట్టును. నీరు పోవును గాని నురుగు నిలుచును. అది దారి వెదకుచు క్రింది యింటివారి నేలతూములనుండి పైకి వచ్చును. అందుచేత అట్టడుగు అంతస్తువారి తూములను ఆ మలుపు చెంత కలుపక, వేరు గొట్టముతో బయటి గుంటకు కొనిపోవుట యుక్తము.

గోడ మూయుటకు ముందు

ఇన్ని చెప్పితిమి గాని, ఇంటివారు ప్లంబింగు విద్య నేర్వనక్కరలేదు. గోడ తెరచియుండగా మూడు పరీక్షలు కోరిన చాలును. మొదటిది: నీరు తెచ్చు గొట్టముల మూతులు బిగించి, ఒత్తిడి పంపుతో, గొట్టము తయారుచేసినవారు సూచించిన ఒత్తిడికి నీరెక్కించి ముల్లు పడిపోకుండుట చూడవలెను. రెండవది: తూము గొట్టపు కొనను మూసి, నిండ నీరు పోసి, మట్టము వద్ద గుర్తు గీసి, ఒక రాత్రి విడిచి చూడవలెను. మూడవది: మూత తీసి, నిలువు గొట్టములో ఒక బిందెడు నీరు గరాటుతో ఆగకుండ పోసి, పైకి పొంగునా, చెంతనున్న జాలీనుండి తన్నునా అని పరికింపవలెను. మూడును నెగ్గినచో, కొలత టేపును గోడకు ఆన్చి, గొట్టములు కనబడునట్లు ఫోటో తీసి దాచుకొనవలెను. పదియేండ్ల తరువాత గోడకు మేకు కొట్టువారికి ఆ ఫోటోయే దారి చూపును.

"రేపు పలకలవారు వచ్చుచున్నారు, ఈ పరీక్షలకు వ్యవధి ఏది?" అని పని చేయువారు తొందరపెట్టుట కద్దు. ఆ ఒక్క దినమును విడువరాదు. పలకలవారిని మరునాడు రమ్మనవచ్చును. అతికిన పలకలను పగులగొట్టక తీయుట ఎవరి తరమును కాదు. క్రింది యింటిలో నిద్రించువారి కప్పు పొడిగా నుండుట మనము పట్టుపట్టిన ఆ ఒక్క దినముమీద ఆధారపడి యుండును.